ఆ వీడియోలో మా అబ్బాయి ఉన్నాడు

రామంతాపూర్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఎనిమిది పేజీల ఉత్తరం కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 52 ఏళ్ళు. భర్త ప్రభుత్వ ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందారు. ఒక్కడే కొడుకు. 22 ఏళ్ళు. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటూ, ఏడాదిన్నరగా ఒక పార్టీ యువజన విభాగంలో తిరుగుతున్నాడు. నెల క్రితం ఒక రాత్రి పొద్దుపోయాక ఇంటికి వచ్చాడు. అన్నం వద్దన్నాడు. బాత్రూంలోకి వెళ్ళి తన చొక్కా తానే ఉతుక్కున్నాడు. "తిన్న కంచం తీయనివాడు చొక్కా ఉతుక్కుంటున్నాడంటేనే నా గుండె జారిపోయింది" అని రాశారామె.

మూడో రోజున అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. టీ హోటల్ ముందు పది పన్నెండు మంది కలిసి ఒక కుర్రవాణ్ణి కొడుతున్నారు. తమ నాయకుణ్ణి వెటకారం చేస్తూ అతను ఏదో పోస్టు పెట్టాడట. నలభై సెకన్ల ఆ వీడియోలో నాలుగు సెకన్లపాటు ఆమె కొడుకు కనిపిస్తాడు. ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి పట్టుకుని ఉంటాడు. దానితో కొట్టాడో లేదో తెలియదు. ఒంటిమీద సంక్రాంతికి ఆమె కొన్న గళ్ళ చొక్కా.

దెబ్బలు తిన్న అబ్బాయికి చెయ్యి విరిగింది. ముగ్గురి పేర్లు, "మరికొందరు" అని రాసి పోలీసులు కేసు పెట్టారు. ఆ మరికొందరిలో ఈమె కొడుకు ఉన్నాడని ఇంకా ఎవరూ పోల్చుకోలేదు. భర్తకు చెబితే "ఆ మాత్రం పౌరుషం లేకపోతే ఎలా? మేము ఉస్మానియాలో చదివే రోజుల్లో ఇంతకంటే పెద్దవే చూశాం" అని పేపరు తిరగేశారు. కొడుకు మనసు విప్పి మాట్లాడే మనిషి ఒక్క మేనమామే. 2023 అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజున బావా బావమరుదులు టీవీ ముందు మాటామాటా అనుకున్నారు. ఆనాటి నుంచి ఆయన ఈ గడప తొక్కలేదు.

ఆమె అడిగినవి మూడు. నోరు మూసుకుని ఉండనా? ఎవరికైనా చెప్పనా? వాణ్ణి ఆ పార్టీలోంచి ఎలా బయటికి లాగను?

అమ్మా,

అది ఏ పార్టీ అన్నది మీరు ఎక్కడా రాయలేదు. మరచిపోయారో, కావాలనే వదిలేశారో గాని నాకు మేలు చేశారు. ఇది చదువుతున్నవారిలో చాలామంది ఈపాటికే ఆ పేరు కోసం వెతుకుతూ ఉంటారు. పేరు తెలిస్తే గాని ఎవరి మీద జాలిపడాలో తేల్చుకోలేని స్థితికి వచ్చాం. తమ పార్టీ అయితే "కుర్రతనం, ఆవేశపడ్డాడు" అంటారు. ఎదుటి పార్టీ అయితే "వాళ్ళ పెంపకమే అంత" అంటారు. కుర్చీ మాత్రం అదే కుర్చీ.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక్క వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను. ఆరో పేజీ అడుగున ఉంది: "ఆ అబ్బాయి ఇంటర్లో మావాడి క్లాసే, రెండు మూడుసార్లు మా ఇంట్లో అన్నం కూడా తిన్నాడు." అంతే. పేజీ తిప్పితే మళ్ళీ మీవాడి ఉద్యోగం, మీవాడి పెళ్ళి, మీవాడి పాస్‌పోర్టు. ఆ అబ్బాయికి విరిగింది కుడిచెయ్యా ఎడమచెయ్యా, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడా లేదా, అతని తల్లి ఎలా ఉంది అన్నవి ఉత్తరంలో ఎక్కడా లేవు. ఇది తప్పు పట్టడానికి అనడం లేదు. భయంలో ఉన్న తల్లికి తన బిడ్డ తప్ప మరొకరు కనిపించరు. అయినా మీ చిక్కుముడికి కొస ఆ వాక్యంలోనే ఉందని నాకు అనిపిస్తోంది. మీరు వడ్డించిన అన్నం తిన్న పిల్లవాణ్ణి మీ కొడుకు కొట్టాడు, లేదా కొడుతుంటే కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. పార్టీ సంగతి దాని తర్వాత.

మీ మొదటి రెండు ప్రశ్నలు కేసు గురించి. మూడోది పార్టీ గురించి. ఈ రెండింటినీ మీరు ఒకే మూటగా కట్టి మోస్తున్నారు. విప్పి చూద్దాం. 22 ఏళ్ళవాడికి ఒక పార్టీ మీద అభిమానం ఉండటం జబ్బు కాదు. మీకు నచ్చని పార్టీ అయినా సరే. రేపు ఎన్నికల్లో దానికే ఓటు వేస్తాడు, వేయనివ్వండి. జవాబు చెప్పుకోవలసింది ఆ రాత్రి టీ హోటల్ దగ్గర జరిగినదానికి. ముందు ఆ సంగతి చూద్దాం.

"కొట్టినట్టు వీడియోలో కనిపించలేదు కదా" అన్న ఆశ మీ అక్షరాల్లో కనిపించింది. చట్టం అలా చూడదు. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. ఐదుగురు లేదా అంతకు మించి ఒక నేరపూరితమైన ఉద్దేశంతో గుమిగూడి, ఆ ఉద్దేశం కోసం వారిలో ఎవరు నేరం చేసినా గుంపులో ఉన్న అందరూ దానికి బాధ్యులేనని 190వ సెక్షన్ చెబుతుంది. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయం. దీనికి తోడు 117వ సెక్షన్‌లో కొత్తగా ఒక ఉపసెక్షన్ చేర్చారు. కులం, భాష, పుట్టిన చోటు, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకు మించి కలిసి ఒకరికి తీవ్ర గాయం చేస్తే గుంపులోని ప్రతి ఒక్కరికీ ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. రాజకీయ అభిప్రాయం ఆ "వ్యక్తిగత విశ్వాసం" కిందికి వస్తుందా రాదా అన్నది కోర్టు తేల్చాలి. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు ఇదంతా. నాలుగు సెకన్లే కదా అన్న లెక్క చెల్లదని చెప్పడానికి.

ఇక నోరు మూసుకుని ఉండటం. అదీ ఒక దారే, చాలామంది తల్లులు నడిచే దారే. కాకపోతే అది ఎటు తీసుకువెళుతుందో చూసుకోండి. ఆ వీడియో మీ అపార్ట్‌మెంట్ గ్రూపు దాకా వచ్చిందంటే మిగిలిన వాళ్ళు పోల్చుకోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. పేర్లున్న ముగ్గురిలో ఒకరు స్టేషన్‌లో నోరు విప్పినా చాలు. అప్పుడు పోలీసులే మీ తలుపు కొడతారు. తానుగా వెళ్ళినవాడికీ, పట్టుబడినవాడికీ న్యాయమూర్తి చూపులో తేడా ఉంటుంది. దీనికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి ఉంది. మీవాడు అక్కడ ఉన్నాడని ఆ గుంపుకు తెలుసు. ఇకమీద వాళ్ళు రమ్మంటే రానని అనగలడా? ఆ రహస్యం మీ గుండెల మీద ఎంత బరువో, వాడి మెడకు అంత ఉరి.

చెయ్యకూడనివి మాత్రం కొన్ని ఉన్నాయి, వీటిలో బేరం లేదు. కొడుకును ఊళ్ళో అక్క ఇంటికో పిన్ని ఇంటికో పంపి దాచాలని చూడకండి. నేరం చేసినవారిని దాచడం దానికదే నేరం. ఆ చట్టం భార్యాభర్తలకు మినహాయింపు ఇచ్చింది గాని తల్లికి ఇవ్వలేదు. ఫోనులో వీడియోలు చెరిపించడం, ఆ చొక్కాను పాత బట్టలవాడికి వేయడం వంటివీ వద్దు. సాక్ష్యం మాయం చేశారంటారు. అది మీ మీద వేరే కేసు అవుతుంది. ఇలాంటి నేరం తెలిసి ఊరుకున్నా చట్టం కొన్ని సందర్భాల్లో ప్రశ్నించగలదు. కాబట్టి "చెప్పనా వద్దా" అన్న ప్రశ్నను నన్ను అడిగి ఊరుకోకుండా ఒక న్యాయవాదిని అడగండి. ఎవరూ తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి, న్యాయ సేవల సంస్థ నంబరు అది. ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలోనే ఉంది. పార్టీ వాళ్ళు పంపే వకీలును మాత్రం నమ్ముకోకండి. ఆయన కాపాడేది మీ కొడుకునా, పార్టీ పేరునా అన్నది మొదటి వాయిదా నాడే బయటపడుతుంది.

న్యాయవాదిని వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్ళడం రెండో దారి. ముందస్తు బెయిలు తెచ్చుకుని వెళ్ళాలా, ముందు వాంగ్మూలం ఇవ్వాలా అన్న వరుస ఆయన చెబుతారు. కొడుకు పేరు ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కవచ్చు. ఉద్యోగాల్లో విచారణ జరిగినప్పుడు, పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు అది అడ్డం వస్తుంది. కేసు ఏళ్ళ తరబడి నడుస్తుంది. తర్వాత రాజీ చేసుకుంటే పోతుందిలే అని ఎవరైనా తేలిగ్గా చెబితే వినకండి. గాయాల కేసుల్లో కొన్నింటికి కోర్టు ద్వారా రాజీ కుదురుతుంది. గుంపుగా చేరి అల్లర్లు చేసిన నేరం ఆ జాబితాలో లేదు. నష్టం ఉంది, కాదనను. ఏ దారిలోనైనా నష్టం ఉంది. ఈ దారిలో ఉండే ఒకే ఒక లాభం, ఎంత నష్టమో ముందే తెలియడం.

ఒక మాట. మీరు వాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి అప్పగించమని నేను అనడం లేదు. వాడికి 22 ఏళ్ళు. తానే నడిచి వెళ్ళేలా చూడటం మీ వల్ల అయితే అది వేరే సంగతి. కాకపోతే, మీరు చేయగలిగినదేమిటో, చేయకూడనిదేమిటో తెలుసుకోవడానికి మీ ఒక్కరికోసం న్యాయవాదిని కలవండి. కొడుకు ఒప్పుకునేదాకా ఆగనక్కరలేదు.

ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళాలనిపిస్తుంది మీకు. నా పెన్సిలు గీత చూశాక ఈ రాత్రే వెళదామనిపించవచ్చు. ఆగండి. కేసు నడుస్తుండగా నిందితుడి తల్లి బాధితుడి ఇంటికి పళ్ళబుట్టతో వెళితే, అది పరామర్శా బెదిరింపా అన్నది అవతలివాళ్ళు నిర్ణయిస్తారు. ముందు న్యాయవాదిని అడగండి. ఆ తర్వాత వెళ్ళడానికి వీలుంటే ఒంటరిగా వెళ్ళండి, పార్టీ పెద్దమనిషిని వెంట తీసుకువెళ్ళకండి. కేసు వెనక్కి తీసుకోమన్న మాట నోట రాకూడదు. ఆసుపత్రి ఖర్చు ఇస్తామనవచ్చు గాని దానికి బదులుగా ఏదీ అడగకూడదు. వాళ్ళు మొహం మీదే తలుపు వేయవచ్చు. ఆ తల్లి మిమ్మల్ని నానా మాటలు అనవచ్చు. అనే హక్కు ఆమెకు ఉంది, వినిరండి.

ఇప్పుడు మీవారి మాట. "ఉస్మానియాలో ఇంతకంటే పెద్దవే చూశాం" అన్నారట. చూసే ఉంటారు. మీవారికంటే ముందు తరం కూడా చూసింది. 1972 ఏప్రిల్ 14న అదే ఉస్మానియా ప్రాంగణంలో, ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర, విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని కత్తులతో పొడిచి చంపారు. 25 ఏళ్ళవాడు. భౌతికశాస్త్రంలో స్వర్ణపతకం సాధించినవాడు. అంతకు ముందు, 1948 ఆగస్టులో, ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రాత్రిపూట ఆఫీసు నుంచి ఇంటికి వెళుతుంటే కాచిగూడ ప్రాంతంలో రజాకార్లు దాడిచేసి చంపారు. చెయ్యి నరికారు. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవాలని రాయడమే ఆయన చేసిన నేరం. ఆయన ముస్లిం, చంపినవారూ ముస్లింలే. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. రాసినందుకు చెయ్యి తీసేశారన్నది ఈ ఊరి చరిత్రలో ఉంది అమ్మా. పోస్టు పెట్టినందుకు చెయ్యి విరిచిన వీడియో మీ ఫోనులో ఉంది. మీవారికి దెప్పిపొడుపుగా ఇదంతా చెప్పకండి, చెబితే పేపరు ఇంకా పైకి ఎత్తుకుంటారు. తీరికగా ఉన్నప్పుడు ఒక్కటి అడగండి: ఆ రోజుల్లో మీరు చూసిన గొడవల్లో దెబ్బలు తిన్నవాళ్ళ పేర్లు గుర్తున్నాయా, ఇప్పుడు ఎక్కడ ఉన్నారు అని. జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు.

ఆయన పొద్దస్తమానం పంపే సందేశాల గురించి మీరు ఒక పేజీ నిండా రాశారు. "ఒట్టి మాటలే కదా, చేతికర్ర పట్టుకుని వీధిలోకి వెళ్ళానా" అంటారట. 2018 మే నెలలో మన చాంద్రాయణగుట్టలో, పిల్లలను ఎత్తుకుపోయేవారన్న పుకారును నమ్మి, ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అలాంటి పుకార్లు ఫోన్ల మీదే తిరిగేవి. దేశమంతా ఇటువంటి హత్యలు జరిగాకనే ఆ ఏడాది వాట్సాప్ ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. వాటిని పంపినవారిలో చాలామంది మీవారి లాంటి పెద్దమనుషులే అయి ఉంటారు, సోఫాలో కూర్చుని. ఆయనతో పార్టీ మీద వాదించకండి. మీరు గెలవరు, గెలిచినా ఇల్లు ఓడిపోతుంది. భోజనాల వేళ టీవీ కట్టేయడం వంటి చిన్న పట్టుదల ఒకటి పెట్టుకోండి. అది మీ చేతిలో ఉన్న పని.

మీ మూడో ప్రశ్నకు వస్తాను. వాణ్ణి ఆ పార్టీలోంచి లాగాలని చూస్తున్నారు గాని, అక్కడ వాడికి ఏం దొరుకుతోందో చూశారా? ఉద్యోగం లేని కుర్రవాడు. ఇంట్లో తండ్రి "ఇంకెన్నాళ్ళు" అంటాడు. అక్కడ పొద్దున్నే ఫోన్ చేసి "ఎక్కడున్నావు తమ్మీ, నువ్వు లేకపోతే ఎలా" అంటారు. మధ్యాహ్నం బిర్యానీ పొట్లం. నాయకుడి పుట్టినరోజుకు చౌరస్తాలో ఫ్లెక్సీ కడితే అడుగు వరుసలో తపాలా బిళ్ళంత ఫోటో. నవ్వకండి. ఆ బిళ్ళంత ఫోటో కోసం పిల్లలు రాత్రి రెండు గంటల దాకా నిచ్చెనలు మోయడం నేను కళ్ళారా చూశాను. ఎక్కడా లెక్కలోకి రాని వాడికి అక్కడ లెక్క ఉంది. ఆ లెక్కను మీరు తీసేసి బదులుగా ఏమీ ఇవ్వకపోతే వాడు మళ్ళీ అక్కడికే పోతాడు.

గుంపు కట్టడానికి సిద్ధాంతం కూడా పెద్దగా అక్కరలేదు. 1970 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బడిపిల్లలను పట్టుకుని, తెరమీద చుక్కలెన్నో అంచనా వేయడం వంటి అర్థంలేని తేడాతో రెండు జట్లుగా విడదీశాడు. ఎవరి జట్టులో ఎవరున్నారో కూడా వాళ్ళకు తెలియదు. డబ్బు పంచమంటే సొంత జట్టువైపే మొగ్గారు. అంతకంటే విడ్డూరం ఏమిటంటే, తమ జట్టుకు కొంత తగ్గినా ఫరవాలేదు, అవతలి జట్టుకంటే ఎక్కువ రావాలని చూసుకున్నారు. చుక్కలకే అంత పట్టింపు వస్తే కండువాలకు రాదా?

ఆ కండువాల సంగతీ ఒకటి ఉంది. కొన్నేళ్ళ కిందట నా దగ్గరకు ఒకాయన వచ్చేవాడు. కుర్రతనంలో తన నాయకుడి కోసం ఎదుటి పార్టీవాళ్ళతో గొడవపడి కేసులో ఇరుక్కున్నాడు. వాయిదాలకు నాంపల్లి కోర్టు చుట్టూ తిరిగీ తిరిగీ చెప్పులు అరిగాయి. ఒకనాడు వాయిదాకు పోతూ బస్సు కిటికీలోంచి చూస్తే, ఆ నాయకుడు ఎదుటి పార్టీ కండువా కప్పుకుని ఫ్లెక్సీలో నవ్వుతున్నాడట. "ఆయన మారాడు, నా కేసు నంబరు మారలేదు" అన్నాడు. మన రాష్ట్రంలో ఇది ఎవరికీ కొత్త కాదు. 2019లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది టీఆర్ఎస్ శాసనసభాపక్షంలో విలీనమయ్యారు. 2023 ఎన్నికల్లో బీఆర్ఎస్ గుర్తుమీద గెలిచిన పది మంది కాంగ్రెస్ వైపు వెళ్ళారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అటూ ఇటూ కూడా. మీవాడికి ఈ ఒక్క మాట చెబితే వింటాడని నేను అనుకోను. ఇప్పుడే కొట్టివచ్చిన వేడి. అయితే వాడికంటే పెద్దవాడు, వాడు మనసు విప్పి మాట్లాడే మనిషి చెబితే చెవిన పడవచ్చు.

అందుకే మీ తమ్ముడు కావాలి. మీ ఇంట్లో అందరూ ఆ రాత్రి గురించి మాట్లాడుతున్నారు గాని మీవాడితో మాట్లాడుతున్నవారు ఒక్కరూ లేరు. తండ్రి మెచ్చుకున్నాడు. మీరు ఏడ్చారు. రెండింటిలోనూ వాడికి నోరు తెరిచే సందు లేదు. మేనమామ అయితే "ఏమైందిరా" అని అడిగి ఊరుకోగలడు. వాడు కుర్చీ ఎత్తినమాట నిజమైతే, దించిన క్షణం కూడా ఒకటి ఉంటుంది. ఎక్కడ దించాడో చెప్పుకోవడానికి వాడికి ఒక మనిషి కావాలి. చొక్కా ఉతుక్కున్నవాడికి ఆ రాత్రి నచ్చలేదనే నేను అనుకుంటున్నాను. నా ఊహ తప్పు కావచ్చు. భయంతో ఉతుక్కున్నాడేమో. అదీ మీ తమ్ముడే తేల్చుకు రావాలి.

బావా బావమరుదుల పంతం ఇప్పుడు తేల్చనక్కరలేదు. కలవడం మీ ఇంట్లోనే జరగాలని కూడా లేదు. మీ తమ్ముడికి ఫోన్ చేసినప్పుడు ఎన్నికల ఊసు ఎత్తకండి, తప్పు ఎవరిదని మొదలుపెట్టకండి. ఇంత కాలానికి అక్క గొంతు వింటే ఏ తమ్ముడైనా ముందు "అందరూ బాగున్నారా" అనే అడుగుతాడు. బాగాలేమని చెప్పండి.